సోషల్ మాస్టారి మేప్‌లో అరిగిపోయిన చోటు

మొన్న స్కూళ్ళు తెరిచిన వారంలో విజయనగరంలో మా అప్ప (అక్క) వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో అడుగుపెట్టేసరికి మేనకోడలు చాప మీద కొత్త పుస్తకాలన్నీ పరుచుకుని కూర్చుంది, పక్కన బ్రౌన్ అట్టల రోలు, కత్తెర, లేబుళ్ళు. ఈ ఏడు సెవెంత్‌కి వచ్చింది. మావయ్యా అట్టలు నువ్వే వెయ్యి, నాకు మూలలు సరిగ్గా రావట్లేదు అంది. సరే అని కూర్చుని పైనున్న సోషల్ పుస్తకం తీసి మధ్యలోకి తెరిచాను, అంతే, ఆ వాసన. కొత్త కాగితం, ప్రింటు ఇంకు, జిగురు కలిసిన వాసన. పుస్తకం మారింది, ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు, బొమ్మలన్నీ రంగులవి. వాసన మాత్రం అదే. కాసేపు కత్తెర చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఢిల్లీ సుల్తానులు, కాకతీయులు, మొఘలులు, భక్తి ఉద్యమం, అన్నీ ఉన్నాయి. విజయనగర సామ్రాజ్యం పాఠం దగ్గర పేజీ మీద చెయ్యి పెట్టి ఆపి అడిగింది, "మావయ్యా, కృష్ణదేవరాయలు మన కోటలోనే ఉండేవాడా?"

వంటింట్లోంచి అప్ప గట్టిగా నవ్వింది. "ఒరే, అచ్చం నువ్వడిగినట్టే అడిగిందిరా" అంది. అవును, ఇదే ప్రశ్న ఇదే వయసులో నేనూ అడిగాను, మా సోషల్ మాస్టారిని.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. పెంకుల స్కూలు, వెనకాల చెరువు, వానలు వెనక్కి తగ్గే రోజుల్లో ఆ చెరువులో గోగు కట్టలు నానబెట్టేవారు, నార తీయడానికి. ఆ కుళ్ళు వాసన పడని వాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ మాకు అది క్వార్టర్లీ పరీక్షల వాసన, ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి వాసన తగిలితే అట్ట, పెన్ను పట్టుకుని పరుగెత్తాలనిపిస్తుంది. మాస్టారు రోజూ విజయనగరం నుంచి పాసింజర్లో వచ్చేవారు, స్టేషన్లో ఉంచుకున్న సైకిలెక్కి మా ఊరు. రైలు కూత వినబడిన ఇరవై నిమిషాలకి సైకిల్ చైను కిర్రుమనే చప్పుడు. రైలు లేటైతే ఫస్ట్ పీరియడ్ లేదు, అయినా ఎవడూ సంతోషించేవాడు కాదు, అదే ఆశ్చర్యం. మిగతా మాస్టార్లు లేటైతే మాత్రం పండగే.

క్లాసుకి ఆయన పుస్తకం తెచ్చేవారు కాదు, చంకలో మేప్ తెచ్చేవారు. గుడ్డ మీద అంటించిన పెద్ద ఇండియా మేప్, పైనా కిందా నల్లటి కర్రలు, చుట్ట చుట్టి తాడు కట్టేవారు. దాన్ని బోర్డు మీద మేకుకి తగిలించి వదిలితే బరబరమని కిందకి దిగేది, ఆ చప్పుడుతో క్లాసంతా నిశ్శబ్దం. ఎప్పటిదో పాత మేప్, పేర్లన్నీ ఇంగ్లీషులో, శ్రీకాకుళం అని ఉండాల్సిన చోట చికాకోల్ అని ఉండేది. తెల్లదొరలకి శ్రీకాకుళం నోరు తిరగక అలా అయిందని చెప్పేవారు. విజయనగరం పేరు మాత్రం ఎవరికీ కనబడేది కాదు. ఎందుకంటే ఏళ్ళ తరబడి వచ్చిన పిల్లలందరూ "మన ఊరు ఎక్కడ, మన ఊరు ఎక్కడ" అని వేలు పెట్టీ పెట్టీ ఆ చోట రంగు, అక్షరాలు లేచిపోయి గుడ్డ పోగులు తేలాయి. రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ. దాని అంచు చికాకోల్‌లో మొదటి అక్షరం దాకా వచ్చేసింది. నేను ముందు బెంచీ వాణ్ణి కాబట్టి ఆ పోగులు కూడా లెక్కపెట్టగలిగేవాణ్ణి. మాస్టారు దాన్ని ఎప్పుడూ అతికించలేదు, కొత్త మేప్ అడగలేదు. "వేలు పెట్టండిరా, అరగనీ" అనేవారు.

నేను ఆ ప్రశ్న అడిగిన రోజు క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఇలా రా అని పిలిచి చాక్‌పీస్ చేతికిచ్చి, హంపి పాడైపోయింది ఏ సంవత్సరంలో అన్నారు. పాఠం అప్పటికే అయింది కాబట్టి తెలుసు, తళ్ళికోట యుద్ధం, 1565. రాయమన్నారు. దాని మీద 1713 ఆయన రాశారు. "ఇది మన విజయనగరంలో పూసపాటి రాజులు కోట కట్టిన ఏడు. తీసెయ్యి." తీసివేత చేశాను, 148. "కోటకి పునాది వేసేనాటికి ఆ హంపి పోయి 148 ఏళ్ళయిందిరా. రాయలవారు 1529లోనే పోయారు. మరి ఈ కోటలో ఎలాగుంటారు?"

నేను తలొంచుకుని నా చోటుకి వెళ్తుంటే ఆపారు. "ఉండు. నువ్వడిగింది మొత్తం తప్పు కాదు. ఆయన ఇటొచ్చారు." అప్పుడు చెప్పారు, ఒరిస్సా గజపతుల మీద యుద్ధానికి వచ్చి రాయలవారు ఈ ప్రాంతమంతా తిరిగారని, పొట్నూరులో జయస్తంభం వేయించారని, సింహాచలం గుడికొచ్చి అప్పన్నకి 991 ముత్యాల హారం ఇచ్చారని, అది 1516లో, గుడిలో శాసనం కూడా ఉందని. సింహాచలం అనేసరికి క్లాసులో అందరి మొహాలూ మారిపోయాయి. మా వైపు పిల్లల్లో అక్కడ గుండు చేయించుకోని వాడెవడు? చందనం పూసిన ఆ చిన్న మూర్తి, మెట్లు, గంగధార నీళ్ళు అన్నీ చూసినవాళ్ళమే. నేను గుండు చేయించుకున్న గుడికి కృష్ణదేవరాయలు వచ్చాడు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. పుస్తకంలో ఉన్న మనిషి మా దారంట నడిచాడని తెలియడం ఎలా ఉంటుందో ఆ వయసులో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

కళింగ యుద్ధం పాఠం మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది. అన్ని పుస్తకాల్లోనూ ఉండేదే, క్రీ.పూ. 261, అశోకుడు కళింగని గెలిచాడు, రక్తపాతం చూసి మనసు మారి బౌద్ధం వైపు వెళ్ళాడు. నాలుగు లైన్లు, బిట్ పేపర్లో ఒక ఖాళీ. మేం గడగడా అప్పజెప్పేశాం. మాస్టారు విని, "లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని తోలుకుపోయారు, అది ఆయనే తన శాసనంలో చెక్కించుకున్నాడు. లక్ష అంటే ఎంతరా?" అన్నారు. ఒకటి పక్కన అయిదు సున్నాలు అన్నాడొకడు. "అలాక్కాదు. మన స్కూల్లో ఎంతమంది?" మూడొందలు. భాగించమన్నారు. 333 వచ్చింది, ఇంకా మిగిలింది. "ఇలాంటి స్కూళ్ళు మూడొందల ముప్పై మూడు. ప్రార్థనకి నిల్చున్నవాళ్ళు నిల్చున్నట్టే పోయారనుకోండి."

ఎవ్వరం మాట్లాడలేదు. తర్వాత మేప్ దగ్గరికెళ్ళి మహానది దగ్గర్నుంచి కిందకి వేలు లాక్కుంటూ వచ్చి ఆ తెల్ల మచ్చ మీద ఆపారు. "కళింగ అంటే ఇదిరా. ఆ లక్షమంది ఎవలు? మనోలే." పుస్తకాల భాష వదిలేసి ఆయన మా ఇళ్ళల్లో మాట్లాడుకునే మాట అనడం అదే మొదటిసారి వినడం. ఎవలు, మనోలే. అప్పటిదాకా ఆ పాఠంలో మేం అశోకుడి పక్క నిలబడి చూస్తున్నాం, ఆయన బాధ మా బాధ. ఆ ఒక్క మాటతో మమ్మల్ని అటు నుంచి ఇటు తెచ్చేశారు.

ఇంకో సంగతి కూడా చెప్పారు, పెద్దయ్యాక చదివి అవును నిజమే అనుకున్నాను. ఆ లక్షమంది లెక్క ఉన్న పదమూడో శాసనం మిగతా చోట్ల ఉంది గానీ కళింగలో లేదు. భువనేశ్వర్ దగ్గర ధౌళిలో, మన ఇచ్ఛాపురం దాటి బరంపురం పక్కనున్న జౌగడలో, ఈ రెండు చోట్లా దాన్ని వదిలేసి వేరే శాసనాలు చెక్కించాడు, మనుషులందరూ నా బిడ్డలే అని. "చంపిన చోట చంపానని చెప్పలేకపోయాడు కాబోలు" అన్నారు మాస్టారు. అది ఆయన అనుకున్నది, అలా అని ఏ పుస్తకంలో రాశారో నాకు తెలీదు, కానీ ఆ మాట నాతోనే ఉండిపోయింది.

క్వార్టర్లీలో కళింగ యుద్ధ ఫలితములు రాయుము అని అడిగారు. నేను 333 స్కూళ్ళ లెక్కతో సహా రాసి, చివర్న ఆ చనిపోయినవాళ్ళు మనోలే అని కూడా రాశాను. ఆ పేపర్లు దిద్దింది వేరే మాస్టారు. అయిదుకి ఒకటి వేసి ఎర్ర సిరాతో "పుస్తకంలో ఉన్నది రాయి. మనోలే ఏమిటి, భాష నేర్చుకో" అని రాశారు. ఆ కాగితం ఇంట్లో చూపించడానికి సిగ్గేసి పెంకుల సందులో దాచాను. మా సోషల్ మాస్టారికి ఎవరో చెప్పారు. పిలిచి పేపర్ చదివి, "మార్కులు నేను మార్చకూడదు, ఆయన దిద్దినది ఆయనది. నువ్వు మాత్రం సమాధానం మార్చకు" అన్నారు. మరింకేం అనలేదు.

ఆ శీతాకాలంలోనే శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూపించడానికి తీసుకెళ్ళారు. బస్సు మాట్లాడారు, అరిటాకుల్లో పులిహోర పొట్లాలు, డబ్బులివ్వలేని ముగ్గురికి ఆయనే కట్టారని తర్వాత తెలిసింది. కొండ చిన్నదే. పైకెక్కితే కింద వంశధార, ఇసక తిన్నెలు, అటు దూరంగా కళింగపట్నం సముద్రం. స్తూపాలు, విహారాల గోడలు, అంతా ఇటుకే, ఇప్పటి ఇటుక కంటే చాలా పెద్దవి. ఒక్కొక్కడినీ పిలిచి ఇటుక మీద చెయ్యి ఆన్చమన్నారు. నా జానెడు చాల్లేదు. ఎండకి ఇటుక వెచ్చగా ఉంది, ఒక అంచున తడి మట్టి మీద ఎవరో వేళ్ళతో నొక్కినట్టు మూడు చిన్న గుంటలు. నా వేళ్ళు వాటిలో పెట్టాను, సరిపోయాయి. పిల్లోడెవడైనా నొక్కాడో, కూలివాడి చేతులే చిన్నవో. మాస్టారికి చూపిస్తే ఆయన కూడా వంగి చాలాసేపు చూశారు.

అక్కడే చెట్టు కింద పులిహోర తింటున్నప్పుడు, ఈ చోటుని 1919లో లోకానికి చూపించింది గిడుగు రామమూర్తి పంతులుగారని చెప్పారు. ఆయనది ముఖలింగం దగ్గర పర్వతాలపేట. వాడుక భాష గొడవ, సవర భాష అన్నీ తర్వాత, ముందు ఆయన ఏం పని చేసేవారో తెలుసా అని అడిగారు. పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్టుఫారం పిల్లలకి చరిత్ర చెప్పేవారు, 1880లో, ముప్పై రూపాయల జీతం. ఫస్టుఫారం అంటే ఇప్పుడు మీ ఆరో క్లాసు. ముఖలింగం గుళ్ళ మీద శాసనాలు ఎవరూ నేర్పకుండా సొంతంగా చదవడం నేర్చుకున్నారు. అది చెప్తున్నప్పుడు మాస్టారి గొంతు వేరేగా ఉంది. ఆయనా ఆరో క్లాసుకీ ఏడో క్లాసుకీ చరిత్ర చెప్పే మనిషే కదా, అది నాకు అప్పుడు తట్టలేదు, ఇన్నేళ్ళకి ఇది రాస్తుంటే తడుతోంది.

బొబ్బిలి యుద్ధం రోజు క్లాసులో కొట్టుకున్నంత పనైంది. సగం మంది అమ్మమ్మల ఊళ్ళు బొబ్బిలి వైపు, సగం మందివి విజయనగరం వైపు. రాత్రుళ్ళు బుర్రకథలో విన్నాం కాబట్టి తాండ్ర పాపారాయుడంటే ప్రాణం. అటు సిరిమాను జాతర రోజు పైడితల్లమ్మకి దండం పెట్టుకునేదీ మేమే, ఆవిడ విజయరామరాజు చెల్లెలనీ, యుద్ధానికి వెళ్ళొద్దని అన్నని ఆపబోయిందనీ మా ఇళ్ళల్లో చెప్పుకుంటారు. మాస్టారు బోర్డు మీద రెండు తేదీలే రాశారు. 1757 జనవరి 24 బొబ్బిలి. 1757 జూన్ 23 ప్లాసీ. అయిదు నెలల తేడా. ఇక్కడ ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, అక్కడ ఇంగ్లీషు క్లైవు. "మన రాజులిద్దరూ పోయారు, కోట బూడిదైంది, ఎవరు గెలిచారురా?" అన్నారు. మా పుస్తకంలో ప్లాసీకి ఒక పాఠం, బొబ్బిలికి ఒక్క లైను. ఆ లైను కింద గీత గీసుకోమన్నారు. అందరం గీసుకున్నాం, బొబ్బిలి వాళ్ళూ, విజయనగరం వాళ్ళూ.

సంక్రాంతి సెలవులకి హోంవర్కు ఒకటే, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళు చిన్నప్పుడు ఏం తిన్నారు, ఎక్కడికి వెళ్ళారు అడిగి రాసుకు రమ్మన్నారు. నేను మా మామ్మని అడిగాను. కొట్టు గదిలో కూర్చుని చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. ఏం తిన్నావు మామ్మా అంటే చోడంబలి, ఇంకేటుంటాది అంది. ఎక్కడికెళ్ళావంటే నేనెక్కడికెళ్తాను, మా అయ్య ఎల్లేడు రంగం అంది.

రంగం అంటే రంగూన్. అప్పట్లో మా వైపు పనుల్లేక కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడలెక్కి బర్మా పోయేవారట, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మొయ్యడానికి. మామ్మ వాళ్ళ నాన్న మొదటిసారి వెళ్ళి మూడేళ్ళకి ఓడ మీద తిరిగొచ్చినప్పుడు టేకు పెట్టె తెచ్చాడు. అదే మా ఇంట్లో ఉన్న రంగం పెట్టె, ఇత్తడి మూలలు, మూత తీస్తే కర్పూరం వాసన. రోజూ దాని మీద కూర్చునే తినేవాణ్ణి, ఎక్కడిదో ఎప్పుడూ అడగలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు లేదు, ఉన్నది డబ్బున్నవాళ్ళకి. వీళ్ళు నడిచారు. కొండలు, అడవులు, మణిపూర్ మీంచి అస్సాం, అక్కడ్నుంచి రైలు. మా వైపు నుంచి ఏడుగురు కలిసి బయల్దేరితే ఇల్లు చేరింది ముగ్గురు. "పెట్టెతో వచ్చీసినోడు పంచెతో వచ్చేడు. నేను గుర్తుపట్నేదు, బిచ్చగాడనుకుని గంజి పోద్దునని చెంబు తెచ్చేను" అంది. చేట ఆపలేదు. చెరుగుతూనే చెప్పింది.

స్కూలు తెరిచాక అది చదివి వినిపించాను. నాలాగే రంగం తెచ్చినవాళ్ళు క్లాసులో ఇంకా తొమ్మిది మంది తేలారు. మాస్టారు రెండో ప్రపంచ యుద్ధం మీకు పైక్లాసులో వస్తుంది గానీ ఇప్పుడే మొదలుపెట్టేశాం అన్నారు. 1942 అని బోర్డు మీద రాసి, మేప్‌లో రంగూన్ నుంచి ఆ తెల్ల మచ్చ దాకా నా వేలితోనే గీత గీయించారు. ఎంత దూరమో! నా చెయ్యి చాలక బెంచీ ఎక్కాల్సొచ్చింది.

సెవెంత్ పబ్లిక్ రాసి ఆ ఊరు వదిలేశాను. మాస్టారు పోయి చాలా కాలమైంది, అప్పుడు నేను దూరంగా ఉద్యోగంలో ఉన్నాను, వెళ్ళలేకపోయాను, ఆ బాధ ఉంది. మేప్ ఏమైందో ఎవరిని అడిగినా తెలీదన్నారు. పెంకుల స్కూలు పోయి స్లాబు బిల్డింగ్ వచ్చింది, చెరువులో గోగు నానబెట్టడం ఇప్పుడు పెద్దగా కనబడదు.

మేనకోడలికి బ్రౌన్ అట్ట ముక్క మీదే తీసివేత చేయించాను. 148. తర్వాత సింహాచలం సంగతి చెప్పాను, కళ్ళు పెద్దవి చేసుకుని వింది. వీళ్ళకి కూడా ప్రాజెక్ట్ వర్క్ ఉందట, కుటుంబ చరిత్ర, రెండు పేజీలు. మరి అమ్మమ్మని అడుగు అన్నాను. మా అమ్మ ఇప్పుడు అప్ప దగ్గరే ఉంటోంది. రంగం పెట్టె కూడా ఆవిడతో పాటే వచ్చి మంచం కింద ఉంది, శీతాకాలం దుప్పట్లు అందులోనే. మా మామ్మ నోట వందసార్లు విన్న కోడలు కదా, మొత్తం చెప్పింది, చెంబుతో గంజి దగ్గరకొచ్చేసరికి ఆగి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. మామ్మ ఏడవలేదు చెప్పినప్పుడు, అమ్మ ఏడ్చింది.

పిల్ల పెట్టెని ముందుకి లాగి దాని మీదే నోట్సు పెట్టుకుని రాస్తోంది. కాసేపటికి పెన్సిలు ఆపి, "మావయ్యా, కాలినడకన తిరిగి వచ్చెను అని రాయాలా, అమ్మమ్మ అన్నట్టు నడిసొచ్చేడు అని రాయాలా?" అంది.

అమ్మమ్మ ఎలాగందో అలాగే రాయమన్నాను. రబ్బరు తీసుకుని "వచ్చెను" చెరిపేసింది.